మెడ మీద గడ్డ కనిపిస్తే: అద్దం దగ్గర నుంచి ఆపరేషన్ దాకా ఏం చేయాలి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను నాడు తీసిన ఫోటో ఒకటి నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. మూడు లాంతర్ల దగ్గర, జనం మధ్యలో మా పెద్దక్క తల బాగా వెనక్కి వంచి సిరిమాను మీదున్న పూజారిని చూస్తోంది. ఆ రాత్రి ఫోటోని పెద్దది చేసి చూసిన మా అమ్మాయి అడిగింది: "పెద్దమ్మా, నీ గొంతు దగ్గర అదేంటి?" కుడి పక్కన, గొంతుముడికి కాస్త కింద, ఉసిరికాయంత ఎత్తు.

అక్క తేలిగ్గా తీసిపారేసింది. "ఏటవుద్దే? నాకు థైరాయిడ్ లేదని మొన్ననే చెప్పారు కదా!" అంతకు రెండు నెలల ముందు నీరసంగా ఉందని ఒక క్లినిక్‌కి వెళ్తే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష రాశారు. 2.1 వచ్చింది. "నార్మల్, థైరాయిడ్ లేదు" అని పంపేశారు. మెడ మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని మేం పద్నాలుగు నెలలు ఊరుకున్నాం. చివరికి పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటింది. బొబ్బిలిలో తన బడికి తను వెళ్తోంది, పిల్లల మీద అరవడం కూడా మానలేదు. అయినా ఆ పద్నాలుగు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అందుకే గడ్డ కనబడితే ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఫైలు మోసినదాన్ని. మందుల డోసులు మీ డాక్టరే చెప్పాలి.

ముందు ఈ రెండు ప్రశ్నల్ని విడదీయండి

థైరాయిడ్‌ని మన బడి పుస్తకాల్లో అవటు గ్రంథి అన్నారు. గ్రీకులో థైరాయిడ్ అంటే డాలు ఆకారంలో ఉన్నది అని అర్థం. డాలు అనగానే మా బొబ్బిలివాళ్లు ఛాతీ పొంగిస్తారు గానీ, నిజానికి ఇది రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. గొంతుముడికి కింద, వాయునాళానికి ముందు, రెండు పక్కలా రెండు రెక్కలు, మధ్యలో సన్నని పట్టీ. మొత్తం బరువు సుమారు 20 గ్రాములు. మీ బొటనవేలి చివరి కణుపు చూసుకోండి. ఒక్కో రెక్క అంతకు మించి పెరిగితే గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత. ఎవరి మెడకి వాళ్ల బొటనవేలే కొలబద్ద.

ఈ గ్రంథి వెనకాలే రెండు పక్కలా స్వరపేటికకి వెళ్లే నరాలు సన్నగా పాకుతాయి. గ్రంథి వీపుకి అంటుకుని పెసరగింజలంత పారాథైరాయిడ్ గ్రంథులు, మామూలుగా నాలుగు, ఉంటాయి. ఒంట్లో కాల్షియం లెక్క చూసేవి అవే. ఆపరేషన్ దాకా వస్తే భయమంతా ఈ నరాలు, ఈ గింజల గురించే. అందుకే ముందే చెప్పి పెడుతున్నాను.

పని విషయానికొస్తే, తిండిలోంచి వచ్చే అయోడిన్‌ని పట్టుకుని టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. గుండె వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక, నెలసరి, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల, అన్నిటికీ ఈ హార్మోన్లు కావాలి. హార్మోన్ తగ్గితే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ని ఎక్కువ వదులుతుంది, హార్మోన్ ఎక్కువైతే తగ్గిస్తుంది. మన విజయనగరంవాళ్లకి జూట్ మిల్లు లెక్కలో చెప్తే సులువు. గోనె సంచులు తక్కువ పడితే మేస్త్రీ కేకలు పెరుగుతాయి, సరిపడా పడితే నోరు మూసుకుంటాడు. టీఎస్‌హెచ్ అంటే ఆ కేక. 0.4 నుంచి 4 మధ్య ఉంటే మిల్లు మామూలుగా నడుస్తున్నట్టు.

కానీ సంచులు లెక్క ప్రకారం వస్తున్నాయంటే మిల్లు గోడకి బీట లేదని కాదు కదా. గ్రంథి ఎలా పనిచేస్తోంది అన్నది ఒక ప్రశ్న. గ్రంథిలో ఏం పెరుగుతోంది అన్నది ఇంకో ప్రశ్న. టీఎస్‌హెచ్ మొదటిదానికే జవాబు చెప్తుంది. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది. దీన్ని తిరగేసి కూడా గుర్తుపెట్టుకోండి: టీఎస్‌హెచ్ ఎక్కువుండి మాత్ర వాడుతున్నంత మాత్రాన అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారిపోతుందన్న మాటా లేదు. మన ఊళ్లలో రెండిటినీ కలిపి "థైరాయిడ్ ఉంది", "థైరాయిడ్ లేదు" అనేస్తాం. ఆ మాట మా అక్కకి చేసిన చెరుపు ఇంతా అంతా కాదు.

ఉప్పు డబ్బా మూత తీసి చూడండి

మన శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు పేరున్న సరుకు. సముద్రపు ఉప్పు కాబట్టి అయోడిన్ ఉంటుందనుకుని ఊరగాయలకి, కూరలకి కల్లుప్పే వాడే ఇళ్లు ఎన్నో. సముద్రపు నీళ్లలో అయోడిన్ ఉన్న మాట నిజమే గానీ, మడిలో ఎండి ఉప్పయ్యేసరికి మన అవసరానికి సరిపడా మిగలదు. విడిగా కలపాలి. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250 కావాలి. ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూడండి, మూత గట్టిగా పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి. దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మకూడదన్న నిబంధన దేశమంతటా 2006 నుంచి అమల్లో ఉంది. వానలకి నేలలోని అయోడిన్ కొట్టుకుపోయే కొండ ప్రాంతాల్లో, అంటే సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీలో ఉండేవాళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి.

ఇక క్యాబేజీ, కాలీఫ్లవర్ తింటే గడ్డలొస్తాయన్న మాటకి అంత కంగారు అక్కర్లేదు. ఉడికించి, మామూలుగా తినేవాళ్లకి ఏమీ కాదు. ఉప్పు సరిగ్గా ఉంటే చాలు.

అద్దం, గ్లాసుడు నీళ్లు

పగటి వెలుతురు పడే చోట అద్దం ముందు నిలబడండి. మెడలో గొలుసు, నల్లపూసలు తీసి పక్కన పెట్టండి. గడ్డం కాస్త పైకెత్తి, గొంతుముడికి, మెడ అడుగున ఉండే గుంటకి మధ్య చోటు మీదే చూపు నిలపండి. నోటినిండా నీళ్లు పోసుకుని ఒక్క గుటక వేయండి. థైరాయిడ్ వాయునాళానికి అంటుకుని ఉంటుంది కాబట్టి గుటకతో పాటు పైకి లేచి కిందకి దిగుతుంది. దానిలో గడ్డ ఉంటే అదీ లేస్తుంది. చర్మం కింద కొవ్వు గడ్డ అయితే కదలదు. రెండు మూడు గుటకలు వేసి చూడండి. ఒక పక్క మాత్రమే లేస్తోందా, రెండు పక్కలా ఉందా గమనించండి.

తర్వాత నోరు తెరిచి నాలుక బాగా బయటికి చాపండి. గడ్డ నాలుకతో పాటు పైకి లాగినట్టు కదిలితే అది వేరే కథ. తల్లి కడుపులో ఉన్నప్పుడు థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. ఆ దారి మూసుకోకుండా మిగిలితే నీటితిత్తి కడుతుంది. ఇది ఎక్కువగా పిల్లల్లో, సరిగ్గా మెడ మధ్యలో కనిపిస్తుంది.

ఆ తర్వాత వేళ్ల కొసలతో మెడ పక్కలు, దవడ కింద, కాలర్ ఎముక పైన మెల్లగా తడమండి. బిళ్ళలు తగులుతున్నాయా? మన దగ్గర మెడ బిళ్ళలకి టీబీ కూడా పెద్ద కారణమే, కాబట్టి తగలగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. డాక్టరుకి చెప్పండి, చాలు. గట్టిగా నొక్కడం, పసుపు ముద్దలు పట్టించడం, వేడి నూనెతో తోమడం మాత్రం వద్దు.

గడ్డ పెద్దదై ఛాతీలోకి దిగిందేమోనన్న అనుమానముంటే ఇంకొకటి. రెండు చేతులూ చెవులకి ఆనేలా పైకెత్తి ఒక నిమిషం ఉండండి. ముఖం ఎర్రగా కందిపోయి ఊపిరి బిగిస్తే దించేసి, ఆ సంగతి చీటీ మీద రాసుకుని డాక్టరుకి చూపండి.

మరి ఎవరు ఆగకూడదు? గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోతే, వారాల్లోనే కళ్లముందు పెరిగిపోతుంటే, మూడు వారాలు దాటినా గొంతు బొంగురు పోకపోతే, ముద్ద దిగకపోతే, పడుకుంటే ఊపిరాడకపోతే ఆ వారంలోనే వెళ్లండి. ఊపిరి మరీ కష్టమైతే 108కి ఫోన్ చేయండి. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ తగిలినవాళ్లు, ఇంట్లో ఇంకొకరికి థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఆ సంగతి మొదటి మాటగా చెప్పాలి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఆ చుట్టుపక్కల పిల్లల్లో ఈ క్యాన్సర్ పెరగడానికి కారణం రేడియోధార్మిక అయోడినే.

మిగతావాళ్లకి ధైర్యం చెప్పే మాట ఒకటుంది. చేతికి తగిలే గడ్డలు ఆడవాళ్లలో నూటికి ఐదుగురికి, మగవాళ్లలో ఒకరికి ఉంటాయి. స్కాన్ చేసి వెతికితే ఇంకా ఎంతోమందిలో బయటపడతాయి. ఈ గడ్డల్లో పదికి తొమ్మిది క్యాన్సర్ కావు. అలాగని గడ్డ, బిళ్ళ ఏమీ లేనివాళ్లు ఫుల్ బాడీ ప్యాకేజీ మోజులో మెడ స్కాన్ చేయించుకోవడం నాకు నచ్చదు. దక్షిణ కొరియాలో అలా అందరికీ స్కాన్లు చేస్తే 1993 నుంచి 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ లెక్క 15 రెట్లు పెరిగింది. చావులు మాత్రం ఏమీ తగ్గలేదు. ప్రాణానికి ముప్పులేని చుక్కల కోసం వేలమంది గొంతు కోయించుకున్నారు.

ఏ పరీక్ష ముందు

మొదటి చూపుకి విశాఖ పరుగెత్తాల్సిన పనిలేదు. శ్రీకాకుళంవాళ్లకి రిమ్స్ ఉంది, జనం నోట ఇప్పటికీ ఆ పేరే. విజయనగరంవాళ్లకి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. జనరల్ సర్జరీ ఓపీకైనా, ఈఎన్‌టీకైనా వెళ్లొచ్చు. ఓపీ చీటీ రాసేచోట "థైరాయిడ్" అనకండి. "మెడ మీద గడ్డ" అనండి. థైరాయిడ్ అనగానే టీఎస్‌హెచ్ రాసి పంపేసే ప్రమాదం ఉంది, మాకు జరిగింది అదే. డాక్టరు మెడ తడిమి చూడకపోతే "ఒకసారి చెయ్యి పెట్టి చూడండి సార్" అని అడగండి. అందులో మొహమాటం ఏం లేదు.

చేయించాల్సినవి రెండు: టీఎస్‌హెచ్, మెడ అల్ట్రాసౌండ్ స్కానింగ్. టీఎస్‌హెచ్‌కి పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి, అవి చాలా మెషీన్లలో అంకెని తారుమారు చేస్తాయి. టీఎస్‌హెచ్ బాగా తక్కువ వస్తే గడ్డ తనంతట తనే హార్మోన్ తయారుచేస్తోందేమో చూడ్డానికి వేరే స్కాన్ రాస్తారు. అలాంటి గడ్డల్లో క్యాన్సర్ చాలా అరుదు.

అల్ట్రాసౌండ్ రిపోర్టు చేతికి రాగానే గూగుల్ తెరవకుండా, అందులో టైరాడ్స్ అన్న మాట పక్కన అంకె చూడండి, గడ్డ మీద అనుమానం ఎంతో 1 నుంచి 5 దాకా చెప్పే లెక్క అది. 1, 2 అయితే నిశ్చింత. 3 అయితే ఎక్కువగా నిఘాతో సరిపోతుంది. 4, 5 అయితే సైజును బట్టి సూది పరీక్ష. గడ్డ నల్లగా కనిపించడం, అంచులు గరుకుగా ఉండడం, లోపల సుద్దపొడి చల్లినట్టు చుక్కలు, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉండడం, ఇవి అనుమానం పెంచేవి. రిపోర్టులో టైరాడ్స్ అంకె లేకపోతే, మెడ పక్క బిళ్ళల గురించి ఒక్క ముక్కా రాయకపోతే, బల్ల దిగకముందే అడగండి. ఇంటికొచ్చాక అడిగితే మళ్లీ డబ్బులు కట్టి రమ్మంటారు.

సూది పరీక్ష రోజు

దీన్ని ఎఫ్ఎన్ఏసీ అంటారు. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకేస్తుందని మా పక్కింటావిడ చెప్పింది, బస్సులో ఎవరో చెప్పారు, చదువుకున్న మా బాబాయి కూడా చెప్పాడు. ఆ భయంతో అక్క ఒకసారి ఓపీ దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది కూడా. ఈ పరీక్ష వల్ల అలా పాకడం అత్యంత అరుదు. ఈ సూది రక్తం తీసే సూది కన్నా సన్నగా ఉంటుంది.

ఆ రోజు అక్కని పడుకోబెట్టి భుజాల కింద దిండు పెట్టారు, తల వెనక్కి వాలింది. సిరిమాను చూసినప్పటి భంగిమే. స్కాన్‌లో చూస్తూ సూది దించి, ముందుకీ వెనక్కీ సన్నగా కదిపి తీశారు. "గుటక వేయకండి, మాట్లాడకండి" అన్నారు. మూడు సార్లు గుచ్చారు. ఒక్కోసారీ పదిహేను సెకన్లు దాటలేదు. అద్దపు పలకల మీద ఎర్రటి చుక్క పడింది, దాన్ని ఇంకో పలకతో సర్రున లాగారు. దూది పెట్టి పది నిమిషాలు నొక్కుకుని కూర్చోమన్నారు. బయటికొచ్చి అల్లం టీ తాగాం. అంతే.

ముందు అడగాల్సిందేమిటంటే, స్కాన్‌లో చూస్తూ చేస్తారా అని. చేత్తో తడిమి గుచ్చే కన్నా అదే మేలు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

రిపోర్టులో బెథెస్డా అని 1 నుంచి 6 దాకా ఉంటుంది. 1 అంటే కణాలు సరిపడా రాలేదని, మళ్లీ చేయాలి. దాన్ని "ఏమీ లేదు" అని చదువుకునేవాళ్లున్నారు, జాగ్రత్త. 2 అంటే క్యాన్సర్ కాదు, ఏడాదికో రెండేళ్లకో స్కాన్. 6 అంటే దాదాపు ఖాయం, 5 అంటే గట్టి అనుమానం. 3, 4 మధ్యలో వేలాడేవి. 4లో వచ్చే ఫాలిక్యులర్ గడ్డ మంచిదో చెడ్డదో సూదితో చెప్పడం సాధ్యం కాదు. కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొరని దాటాయా లేదా అన్నది చూస్తేనే తేలుతుంది, ఆ పొర కనబడాలంటే గడ్డ మొత్తం తీయాలి. కాబట్టి "ఏమిటో తెలియదు గానీ ఆపరేషన్ అంటున్నారు" అని డాక్టరుని అనుమానించకండి.

క్యాన్సర్ అని వస్తే

ముందు పేరు అడగండి. థైరాయిడ్ క్యాన్సర్ అన్నది ఒకే జబ్బు కాదు. పదిమందిలో ఎనిమిది మందికి వచ్చేది పాపిల్లరీ. మెల్లగా పెరుగుతుంది, పాకినా ఎక్కువగా మెడ బిళ్ళల్లోకే. ఫాలిక్యులర్ రక్తం దారిలో ఎముకలకి, ఊపిరితిత్తులకి వెళ్లగలదు. మెడుల్లరీ అన్నది టీ4 తయారుచేసే కణాల్లో కాక, కాల్సిటోనిన్ అనే ఇంకో హార్మోన్ తయారుచేసే వేరే కణాల్లో పుడుతుంది. నలుగురిలో ఒకరికి అది కుటుంబంలో దిగి వస్తుంది, కాబట్టి ఆ పేరు వింటే ఇంటిల్లిపాదికీ పరీక్ష గురించి అడగాలి. అనాప్లాస్టిక్ అరుదు, ముసలితనంలో వస్తుంది, వారాల్లో పెరుగుతుంది. దానికి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

పాపిల్లరీ, ఫాలిక్యులర్‌లలో ఒక విచిత్రం ఉంది. వయసు 55 లోపైతే, ఊపిరితిత్తుల్లోకి పాకినా దాన్ని రెండో స్టేజీ దాటించరు. ఇంకే క్యాన్సర్‌లోనూ ఇలా వయసుని బట్టి ఇంత తేడా వినలేదు. సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డలు కొన్నిటిని కోయకుండా ఏళ్ల తరబడి స్కాన్‌తో గమనించే పద్ధతి కూడా జపాన్‌లోని కోబెలో 1993లో మొదలైంది. మీ గడ్డ ఆ కోవలోదా అని అడగడంలో తప్పులేదు.

ఇప్పుడు విశాఖ ప్రయాణం. కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అగనంపూడి గాజువాక దాటాక, అనకాపల్లి వైపు. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఇంకో బస్సెక్కాలి, ఆ గంట కూడా లెక్కలో వేసుకోండి. అక్కని మేం రాయగడ నుంచి వచ్చే రైల్లో తీసుకెళ్లేవాళ్లం, కిటికీ పక్క సీటు దొరికితే సగం టెన్షన్ పోయేది. ఆధార్, రేషన్ కార్డు, వాటి జిరాక్సులు, స్కాన్ ఫిల్ములు, సూది పరీక్ష అద్దపు పలకలు, ఇవన్నీ ఒక్క సంచీలో. పలకలు అడిగి తీసుకోండి, చాలామంది కాగితం ఒక్కటే తెచ్చుకుంటారు. పెద్దాసుపత్రిలో ఆ పలకలే మళ్లీ చూస్తారు.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఆపరేషన్ తేదీ తీసుకోకముందే ఆ కౌంటర్‌లో కూర్చుని అనుమతి సంగతి తేల్చుకోండి. ముందు డబ్బు కట్టేసి తర్వాత తిరిగి రాబట్టుకుందామనుకుంటే చెప్పులరిగిపోతాయి.

ఆపరేషన్

ఒక రెక్క తీస్తారా, మొత్తం తీస్తారా అన్నది గడ్డ సైజు, రకం, బిళ్ళల్ని బట్టి ఉంటుంది. సర్జన్‌ని రెండు అడగండి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఆపరేషన్‌కి ముందు స్వరతంత్రుల్ని చూస్తారా? ఏడాదికి పాతిక దాటి చేసేవాళ్ల చేతిలో ఇబ్బందులు తక్కువని అమెరికా లెక్కలు చెప్తున్నాయి. మీ బతుకు గొంతుతోనే అయితే, టీచరైనా, బుర్రకథ చెప్పేవాళ్లైనా, కూరగాయల బండి మీద కేకేసేవాళ్లైనా ఆ మాట ముందే చెప్పండి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు మాది. పాడేవాళ్లకి పై స్వరాలు అందించే నరం వేరుగా, ఇంకా సన్నగా ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా కాపాడాలి.

ఆపరేషన్ అయిన మొదటి రోజు పక్కన కూర్చున్నవాళ్లకే అసలు పని. మెడ ఉబ్బడం, ఊపిరి బిగించడం కనిపిస్తే వెంటనే నర్సుని పిలవండి, పొద్దున్న రౌండ్స్ దాకా ఆగకండి. రెండో రోజు అక్క "పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది" అంది. వేళ్ల కొసలూ తిమ్మిరెక్కాయి. అది కాల్షియం పడిపోయిన గుర్తు. ఆ పెసరగింజలు దెబ్బ తగిలి అలిగి కూర్చుంటాయి, చాలామందిలో వారాల్లో తేరుకుంటాయి. కాల్షియం ఇవ్వగానే సర్దుకుంది. గొంతు నెలన్నర బొంగురుగానే ఉంది. ఆ నెలన్నరా బడిలో ఈల ఊదింది.

రేడియో అయోడిన్ రాస్తే

అందరికీ రాయరు. మిగిలిపోయిన థైరాయిడ్ కణాలు అయోడిన్‌ని ఆబగా లాక్కుంటాయి కదా, ఆ గుణాన్నే వాడుకుని అయోడిన్-131 మింగిస్తారు. దాని శక్తి ఎనిమిది రోజులకి సగమవుతుంది. ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి. మన తీరంవాళ్లకి ఇది నరకమే: చేపలు, రొయ్యలు, ఎండు నెత్తళ్లు, గుడ్డు, పాలు, పెరుగు, బేకరీ సరుకు అన్నీ బంద్. ఏ ఉప్పు వాడాలో ఆసుపత్రిలోనే రాయించుకోండి, ఇంట్లో ఉన్న కల్లుప్పుతో ప్రయోగాలొద్దు. అక్క అన్నం, కందిపప్పు, బీరకాయ, చోడి అంబలితో గడిపింది. అంతకు ఒకటి రెండు నెలల్లో రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీసి ఉంటే చెప్పండి, ఆ మందులో అయోడినే ఉంటుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లు కిడ్నీ రిపోర్టు తప్పక పట్టుకెళ్లండి, ఈ మందు బయటికి పోయేది మూత్రంలోనే.

మందు మింగాక డోసును బట్టి రెండు మూడు రోజులు విడి గదిలో ఉంచుతారు. నీళ్లు బాగా తాగాలి, పుల్లటి బిళ్ళ చప్పరించాలి, టాయిలెట్‌లో రెండుసార్లు నీళ్లు వదలాలి. ఇంటికొచ్చాక చెప్పినన్ని రోజులు పసిపిల్లలకి, గర్భిణులకి దూరం. కిక్కిరిసిన బస్సులో తిరుగు ప్రయాణం వద్దు. గర్భం ఉంటే ఈ మందు ఇవ్వనే ఇవ్వరు, తర్వాత కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాయిదా వేసుకోవాలి. పాలిచ్చే తల్లి అయితే బిడ్డకి పాలు మాన్పించాకే ఈ మందు.

ఇక మాత్ర, ఫైలు

1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ థియోడర్ కోకర్ థైరాయిడ్ ఆపరేషన్‌ని ప్రాణాపాయం లేకుండా చేసి చూపించాడు. కానీ మొత్తం గ్రంథి తీసేసిన తన రోగులు మందగించి, ఉబ్బి, పిల్లలైతే ఎదగకుండా ఆగిపోవడం కూడా చూసింది ఆయనే. గ్రంథి ఇచ్చే హార్మోన్‌కి బదులుగా వేసుకునే మాత్ర అప్పటికి లేదు. ఇప్పుడుంది. పొద్దున్నే పరగడుపున, మామూలు నీళ్లతో వేసుకోవాలి. టీ అయినా, అంబలి అయినా, ఇడ్లీ అయినా అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం. ఒకే కంపెనీది వాడండి, సీసా మారితే డాక్టరుకి చెప్పండి. పరీక్షకి రక్తం ఇవ్వాల్సిన రోజు ఇచ్చాక వేసుకోండి. ఉపవాసమైనా మాత్ర మానకూడదు.

తర్వాతి పరీక్షలు థైరోగ్లోబులిన్, దాని యాంటీబాడీలు, మెడ స్కాన్. థైరోగ్లోబులిన్ థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్ కాబట్టి గ్రంథి మొత్తం తీసేశాక అది దాదాపు ఉండకూడదు, పెరుగుతుంటే ఎక్కడో కణాలు మిగిలాయని.

మూడేళ్ల కిందట జ్వరం వచ్చి అక్క దగ్గర్లోని ఒక డాక్టరుకి చూపించుకుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.1 చూసి "ఇదేంటి, ఇంత తక్కువా?" అని ఆయన మాత్ర సగానికి తగ్గించి రాశారు. ఆయన తప్పు కూడా కాదు, మామూలు మనిషికి అయితే తగ్గించాల్సిందే. టీఎస్‌హెచ్ అనే ఆ మేస్త్రీ కేక మిగిలిన క్యాన్సర్ కణాల్ని కూడా లేపుతుంది కాబట్టి కొంతమందికి ఆ కేకని కావాలనే అణిచి ఉంచుతారు. ఎంత దాకా, ఎన్నేళ్ల దాకా అన్నది గుండె, ఎముకల పరిస్థితి చూసి క్యాన్సర్ డాక్టరే చెప్తారు. ఆ రాత్రే నేను విశాఖ డాక్టరుకి ఫోన్ చేసి పాత డోసే ఉంచాను. మర్నాడు ఫైలు అట్ట మీద మందపాటి మార్కర్‌తో రాశాను. మీరూ రాయండి: "థైరాయిడ్ మొత్తం తీసేశారు, పాపిల్లరీ క్యాన్సర్. టీఎస్‌హెచ్ కావాలనే తక్కువ ఉంచుతున్నారు. మాత్ర మార్చే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి." కింద మీ ఆసుపత్రి నంబరు, ఆపరేషన్ తేదీ, ఇప్పటి డోసు రాసి, దాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా పెట్టండి.